రెండు నుంచి మూడు దాకా

"ఇప్పుడు సమయం రెండు గంటల ఏడు నిమిషాలు. మీరు వింటున్నది 'నాలుగు గాలులు'."

కారు రేడియోలో శ్రీలలిత గొంతు వినగానే హరిచరణ్ చేతి గడియారం చూసుకున్నాడు. సరిగ్గా రెండూ ఏడు. సీటు కాస్త వెనక్కి వాల్చి కూర్చున్నాడు.

ఎదురుగా కాలేజీ గేటు. లోపల, మేడ మీద చివరి గది రేడియో స్టేషను. శ్రీకాకుళం నుంచి పది కిలోమీటర్లు దాటితే వినబడని చిన్న స్టేషను. అందులో రోజూ ఒక గంట అతని భార్య జాజ్ వినిపిస్తుంది. వట్టి జాజ్ కాదు. శాక్సఫోను పక్కన, గుడిలో వాళ్ళ తాతగారు వాయించిన నాదస్వరం పెడుతుంది. తప్పెటగుళ్ళ దరువు మీద పియానో నడిపిస్తుంది. వల లాగేటప్పుడు గంగులు అనే జాలరి వేసిన కేకకు ట్రంపెట్‌తో జవాబు చెప్పిస్తుంది.

హరిచరణ్‌కు వాటిలో ఏదీ నచ్చదు. అయినా ఏడాదిగా ఒక్కరోజూ మానలేదు. ఊళ్ళో ఒక ట్యుటోరియల్ కాలేజీలో లెక్కలు చెప్పే ఉద్యోగం అతనిది. మధ్యాహ్నం క్లాసులు వేరేవాళ్ళకు అప్పగించి, ఆమెను దింపి, గేటు ఎదురుగా కారు పెట్టుకుని, మూడింటికి మళ్ళీ ఎక్కించుకుని వెళ్తాడు. ఆమె మాట్లాడుతున్నంతసేపూ ఆమె ఎక్కడుందో అతనికి తెలుసు. పాట మొదలైతేనే తెలియదు. అందుకే పాటకూ పాటకూ మధ్య టైము చెప్పమన్నాడు.

"వినేవాళ్ళకు ఉపయోగం," అన్నాడు.

"సరే," అంది.

గేటు దగ్గరి వాచ్‌మన్ దాలయ్య వచ్చి కారు కిటికీ మీద చేతులాన్చాడు.

"బాబూ, ఈ ఎండలో రోజూ ఏటి మీకీ తపస్సు? ఇంటికాడ రేడియో నేదా?"

"ఇక్కడ బాగా వినబడుతుంది, దాలయ్యా."

"అమ్మగోరు పెట్టి పుట్టినారు. మా ఆడది పాటెత్తితే నాను ఊరొగ్గేసి పోతాను."

రేడియోలో శాక్సఫోను అసలు వరస వదిలేసి ఎటో వెళ్ళిపోయింది. దాలయ్య చెవి దగ్గరగా పెట్టాడు.

"ఆ బూరోడు దారి తప్పీసినాడేటి?"

"తప్పలేదు. అలా వెళ్తాడు. మళ్ళీ మొదటి వరసకే వస్తాడు."

"రాకపోతే?"

"రాకపోవడం ఉండదు. దానికో లెక్క ఉంటుంది."

"ఆ లెక్కలే నాకొస్తే ఈ గేటుకాడ ఎందుకుంతాను బాబూ!" దాలయ్య నవ్వాడు. ఇంతలో భవనం వెనక బస్సు కదిలిన చప్పుడైంది. "కాలేజీ బస్సు పోతన్నాది. ఎనకాల గేటు మూసేసొస్తాను," అంటూ వెళ్ళాడు.

శ్రీలలిత ఫోను డ్యాష్‌బోర్డు మీద ఉంది. స్టూడియోలోకి ఫోనెందుకని మొదటి వారమే తీసుకున్నాడు. దానికి మార్చిలో కోల్‌కతా నుంచి ఒక రేడియో వాళ్ళ సందేశం వచ్చింది. ఇలాంటి కార్యక్రమమే తమ దగ్గర చేయమని, ఉండడానికి గది కూడా ఇస్తామని. 'వీలుపడదు' అని ఆ ఫోనులోంచే అతను జవాబు పంపాడు. రెండు రోజుల తర్వాత ఆమెకు చెప్పాడు.

"నీ బదులు నేను ఆలోచించాను, అంతే."

ఆమె చాలాసేపు తన గోళ్ళు చూసుకుంది. గొడవ పడలేదు. ఆ మౌనాన్ని అతను అంగీకారం కింద జమకట్టుకున్నాడు.

నిన్న మాత్రం కార్యక్రమం అయ్యాక ఇంకో గంట ఆగమంది. కొత్త పాటలు సరిచూసుకోవాలట. ఆ గంటా అతను గేటు ముందే కూర్చున్నాడు.

ఆమె ఊపిరి తీసుకునే చోటు, 'అంటే' అని ఆగే చోటు, అన్నీ అతనికి కంఠతా వచ్చు. ఆగినప్పుడల్లా గదిలోకి ఎవరో వచ్చారనిపిస్తుంది. అప్పుడు రేడియో శబ్దం పెంచి చెవి ఒగ్గుతాడు. ఆ సంగతి ఆమెకు ఎన్నడూ చెప్పలేదు. చెబితే చిన్నవాడైపోతాడని భయం. ఈ కారులో కూర్చుని తాను కాపలా కాస్తున్నాడో, కాపలాలో ఉన్నాడో ఒక్కోసారి అతనికే తెలిసేది కాదు.

"ఇప్పుడు సమయం రెండున్నర."

సరిగ్గా రెండున్నర. అలవాటు ప్రకారం స్టేషనుకు ఫోన్ చేశాడు. టెక్నీషియన్ భారతి ఎత్తింది.

"మేడంకి ఒకసారి ఇవ్వమ్మా."

"రెడ్ లైటు ఎలుగుతాంది సార్. స్టూడియో తలుపు తియ్యకూడదు."

"ఒక్క మాట."

"రోజూ మీరడగడం, నేనివ్వకపోడం. అలవాటైపోనాది మనకి."

"లోపల ఎవరున్నారు?"

"ఎవులూ లేరు సార్. నమ్మండి."

ఫోను పక్కన పెట్టి సీటులో వెనక్కి వాలాడు. తర్వాతి అరగంటా శ్రద్ధగా విన్నాడు. శ్రీలలిత ఇవాళ ఒక్కచోటా తడబడలేదు. 'అంటే' అని ఎక్కడా ఆగలేదు. నాదస్వరం గురించి చెప్పేటప్పుడు గొంతు తేలిగ్గా, దాదాపు నవ్వుతున్నట్టుగా ఉంది. కుదురుకుంటోంది, అనుకున్నాడు. ఏడాది ఓపిక పట్టినందుకు ఫలితం. సాయంత్రం ఆమెను ఎక్కడికైనా తీసుకెళ్ళాలనిపించింది.

"ఇప్పుడు సమయం రెండు గంటల యాభై తొమ్మిది నిమిషాలు. ఇన్నాళ్ళూ ఓపిగ్గా విన్నవాళ్ళకు నమస్కారం."

అది తనకేనని అతనికి తెలిసింది. ముఖం వెచ్చబడింది. ఇంజను వేసి, చల్లగాలి పెట్టి, ఆమె ఎక్కడానికి వీలుగా ఎడమవైపు తలుపు తెరిచి ఉంచాడు. మేడమెట్ల వైపు చూస్తూ కూర్చున్నాడు.

రేడియోలో భారతి గొంతు వినిపించింది.

"మీరింతవరకు విన్నది నిన్న రికార్డు చేసిన కార్యక్రమం."