గోడలోని పరీక్షకుడు

ఇంటి గోడలోని యంత్రం మనోవ్యాధి ఉందని రుజువులతో తేలిస్తే తప్ప ఏ డాక్టరూ రోగి మొహం చూడడు. కూతురు పోయినప్పటి నుంచి గురునాయుడి చెల్లెలు పైడితల్లికి కంటి మీద కునుకు లేదు. రోజూ యంత్రం "బాగున్నారా?" అంటుంది. ఆమె "బాగున్నాను బాబూ" అంటుంది. జబ్బు లేదనడానికి ఆ మాటే రుజువట!

"బాగోలేదని చెప్పొచ్చు గదేటే?" అన్నాడు గురునాయుడు.

"పలకరించినోళ్లకి అలాగ చెప్తామేటన్నియ్యా?"

అతనికి ఒళ్లు మండిపోయింది. "దరిద్రపు పెట్టె! మనిషి శవంలాగుంటే కనపడదేటి నీకు? నీ మొహం మండ!" అని యంత్రం మీద విరుచుకుపడ్డాడు.

"తీవ్రమైన మనోవ్యాధి. రుజువులు సరిపోయాయి. గురునాయుడు గారిని ఈరోజే డాక్టరు చూస్తారు" అంది యంత్రం.

అతను దానికేసి అసహ్యంగా చూసి, చెల్లెలి చెప్పులు తెచ్చి ఆమె కాళ్ల ముందు పడేశాడు.

"నడు. డాక్టరు ముందు నా కుర్చీలో నువ్వు కూకో."