ఓడకు చక్రాలు

షాదీపూర్‌లో భూషణం ఇంటి గేటుకు ఒక పలక ఉంది. దాని మీద 'పి. భూషణం, బి.ఎ.' అని ఉంటుంది.

చివరి రెండక్షరాలూ అబద్ధం.

దీవులకు వలస వచ్చినవాళ్ళు తలా ఒకటి అవతలి ఒడ్డున వదిలేసి వచ్చారు. కొందరు కులం వదిలారు, కొందరు కోర్టు కేసు, ఒకరిద్దరు మొదటి పెళ్ళాన్ని. భూషణం బి.ఎ.లో తప్పిన ఒక ఇంగ్లీషు పేపరు వదిలాడు. గుమాస్తా ఉద్యోగానికి మెట్రిక్ చాలు. మిగతా గౌరవమంతా పలక సంపాదించిపెట్టింది.

ఇరవై ఏళ్ళకు పైగా హాయిగా గడిచాయి.

1970లో తెలుగువాళ్ళ సంఘానికి ఒక సరదా పుట్టింది. వాల్తేరు యూనివర్సిటీలో చదివి దీవుల్లో పేరు తెచ్చుకున్నవాళ్ళ జాబితా అచ్చువేసి, సభ పెట్టి శాలువాలు కప్పాలని. అందులో మొదటి పేరు సంఘం అధ్యక్షుడిది, అంటే భూషణానిది.

సరదా అక్కడితో ఆగితే బాగుండేది. యూనివర్సిటీ నుంచి ఒక పెద్దాయన పట్టభద్రుల రిజిస్టరు పట్టుకుని ఓడ దిగాడు. ఒక్కో పేరూ సరిచూసి, సభలో తనే చదువుతాడట.

భూషణానికి వెంటనే జ్వరం వచ్చింది. స్వాగతానికి వెళ్ళలేదు.

సభ రోజు పొద్దున్నే జ్వరం తగ్గింది. ఆఫీసు పనని భార్య సీతారత్నంతో చెప్పి, గొడుగూ సంచీ పట్టుకుని ఫీనిక్స్ బే రేవులో, దూరాన ఉన్న మాయాబందర్‌కు వెళ్ళే బోటు టికెట్ల క్యూలో తేలాడు.

ముందు ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. తల మీద తడి తువ్వాలు, మోకాళ్ళ పైకి ఎగ్గట్టిన పంచె, చేతిలో చెప్పులు.

"అయ్యా, ఆ బోర్డు మీద ఏం రాసుందో కాస్త చెబుతారా? నాకు చదవడం రాదు."

బోర్డు హిందీలో ఉంది. దీవుల్లో హిందీ రానివాడంటే చదువు రానివాడే. వలల పనికి కొత్తగా దిగిన మనిషని భూషణం ఖాయం చేసుకున్నాడు.

"మాయాబందర్ బోటు ఎనిమిదింటికి. ఇదిగో, ఈ గొడుగు పట్టుకో. అరె, అటు కాదు, నా మీదికి పట్టు."

ఆయన పట్టాడు. తను తడుస్తూ అడిగాడు.

"ఇంత వానలో తప్పని పనాండీ?"

గోడకు చెప్పుకుందామంటే గోడలకు చెవులుంటాయి. చదువురానివాడికి చెబితే పోయేదేముంది? మూడు రోజులుగా కడుపులో కుక్కుకున్నదంతా భూషణం కక్కేశాడు. పలక, జాబితా, రిజిస్టరు, పారిపోవడం, అన్నీ.

"నలభై ఆరులో రాశాను. రెండంటే రెండు మార్కుల్లో పోయిందయ్యా!"

"అయ్యో, ఎలాగండీ?"

"ఓడ ప్రయాణం మీద వ్యాసం అడిగాడు. ఓడకు అటో చక్రం, ఇటో చక్రం ఉంటాయని రాశాను. మా తాత సముద్రం దాటి రంగం వెళ్ళింది అలాంటి ఓడలోనే, ఒట్టు! ఆ దిద్దినవాడు దానికే కోసుంటాడు. వాడి చెయ్యి పడిపోను!"

ముసలాయన గొడుగును కుడిచేతిలోంచి ఎడమచేతిలోకి మార్చుకున్నాడు.

"ఓడకు చక్రాలేమిటి బాబూ?" అన్నాడు మెల్లగా.

"అదిగో, నువ్వూ అదే మాట! వాడూ నీలాంటి మొద్దే అయివుంటాడు."

"అయివుంటాడండీ. మళ్ళీ రాయకపోయారా?"

"సిగ్గేసింది. ఓడెక్కి ఇటొచ్చేశాను. చక్రాల్లేని ఓడే, అంతే!"

అంతలో కిటికీలోంచి కేక వినిపించింది.

"ఏక్ హీ టికెట్ బచా హై భయ్యా! జల్దీ!"

మిగిలింది ఒక్క టికెట్టే, వంతు ముసలాయనది. భూషణం కిటికీ వంకా ఆయన వంకా చూశాడు.

"మీరు తీసుకోండి," అన్నాడాయన పక్కకు జరిగి. "నేను ఊరికే రేవు చూద్దామని వచ్చి, ఏ బోటో తెలీక నిలబడ్డాను. మీది పరువు కాపాడుకునే పని."

భూషణం టికెట్టు అందుకుని, గొడుగు లాక్కుని, బోటు వైపు పరుగు తీశాడు. ఆయన పేరు అడగాలని తోచలేదు.

నాలుగో రోజు దొంగలా ఇంటికి వచ్చాడు. ముందు గేటు వంక చూశాడు. పలక అలాగే ఉంది.

"సభ ఎలా జరిగింది?" అని అడిగాడు.

"బ్రహ్మాండంగా జరిగింది," అంది సీతారత్నం. "యూనివర్సిటీ ఆయన మీ గురించి ప్రత్యేకంగా చెప్పారు."

భూషణం సంచీ గుమ్మంలోనే దించేశాడు.

"ఏమని?"

"భూషణం గారి పరీక్ష ఫలితం ఇంకా రావలసి ఉంది అన్నారు. మీరు ఎం.ఎ. కడుతున్నారనుకుని జనం ఒకటే చప్పట్లు. నాతో మాటైనా అనలేదేమండీ?"

"ఆయన... ఆయనెక్కడ?"

"నిన్నటి ఓడలో వెళ్ళిపోయారు. పాపం, ఎక్కడ తడిశారో, తువ్వాలు నెత్తికి చుట్టుకుని ఒకటే తుమ్ములు. మనింటికి వచ్చి ఈ కవరు ఇచ్చి వెళ్ళారు."

వానలో గొడుగు ఎవరి చేత పట్టించుకున్నాడో భూషణానికి అర్థమైంది. కవరు విప్పాడు.

లోపల ప్రైవేటుగా ఇంగ్లీషు పేపరు రాయడానికి దరఖాస్తు ఉంది. అన్నీ నింపి ఉన్నాయి, సంతకం ఒక్కటే ఖాళీ. దానితో పాటు ఒక చీటీ.

"భూషణం గారికి,
మీ సంఘం లైబ్రరీలో పాత ఓడల బొమ్మల పుస్తకం చూశాను. మీ తాతగారు చెప్పింది నిజమే. ఆవిరి ఓడలకు నీళ్ళు తోయడానికి అటో చక్రం, ఇటో చక్రం. ఈసారి ధైర్యంగా రాయండి. నలభై ఆరులో ఆ చక్రాలకు ఎర్రసిరాతో సున్నా చుట్టిన చెయ్యి ఇంకా పడిపోలేదు. ఈ ఉత్తరం దానితోనే రాస్తున్నాను."