ఈశాన్య దోషం

"ఈశాన్యంలో లెట్రిన్లు. ఇంకేం బాగుపడతారు?" అన్నాడు చక్రపాణి, ఫోన్‌లో కంపాస్ చూస్తూ.

కాలిఫోర్నియా ఫ్రీమాంట్‌లో కన్‌స్ట్రక్షన్ కంపెనీ నడిపే ఈ మహానుభావుడికి తెలియని శాస్త్రం లేదు. తెలుసుకోవాలన్న కోరిక మాత్రం ఏనాడూ లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా తన దేశంలోని జపాన్ సంతతి వాళ్ళని, పిల్లాజెల్లాతో సహా, ఎడారిలో ముళ్ళకంచె వెనక పెట్టిన క్యాంపు అది. ఇప్పుడు మ్యూజియం. ఆ ఎడారిలోనే తన కొత్త ప్రాజెక్ట్ సైటు చూసుకుని వెళ్తూ, రెస్ట్‌రూమ్ కోసం ఆగాడీయన.

సాయంత్రం ఐదులోగా ఆ ప్రాజెక్ట్‌కి టెండర్ వేయాలి. వస్తే కంపెనీ నిలబడుతుంది. రాకపోతే మూతే.

"మెల్లగా అనండి. ఆవిడ వింటోంది," అంది భార్య అనురాధ.

"విననీ. మన తెలుగు ఆవిడకేం అర్థమవుతుంది?"

ఆవిడ అంటే గైడ్, నకావో. ఎనభై రెండేళ్ళ మనిషి. ఈ క్యాంపులోనే పుట్టింది. ఒక్క గదిలో ఎనిమిది మందిమి ఉండేవాళ్ళమని, చెక్కల సందుల్లోంచి ఇసుక వచ్చి అన్నంలో పడేదని ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పింది.

చక్రపాణి ఆవులించాడు.

"ఎమ్మెస్‌కి వచ్చిన మన పిల్లలు ఒక్కో అపార్ట్‌మెంట్‌లో పదిమంది పడుకోవట్లా? వాళ్ళకెవరైనా మ్యూజియం కట్టారా? రూల్స్ ఫాలో అయితే మన జోలికి ఎవడొస్తాడు? వీళ్ళేదో చేసే ఉంటారు."

అనురాధ సిగ్గులేకుండా నవ్వింది. పాపం, నకావో కూడా మర్యాదకి నవ్వింది.

"మీరేం చేస్తుంటారు?" అని అడిగింది.

"కన్‌స్ట్రక్షన్. ఫ్యామిలీస్‌కి పెద్ద ప్రాజెక్ట్ ఒకటి చేస్తున్నాం. ప్లాన్‌లో గేటు కూడా తూర్పుకే పెట్టించా."

తూర్పు సంగతి ఆవిడకి అర్థం కాలేదు.

"పిల్లలు ఆడుకోవడానికి కాస్త చోటు ఉంచండి. మాకు దుమ్ము తప్ప ఏమీ ఉండేది కాదు," అంది.

"టూ ప్లేగ్రౌండ్స్ పెట్టాం. క్లాస్‌రూమ్స్ కూడా."

ఆవిడ కళ్ళు చెమర్చాయి. అతని చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది.

"అప్పట్లో మీలాంటివాళ్ళు ఒక్కరున్నా బాగుండేది."

చక్రపాణి చెయ్యి విడిపించుకుని టైమ్ చూసుకున్నాడు. ఇద్దరూ గబగబా పార్కింగ్‌కి నడిచారు.

ఐదుకి పది నిమిషాలుండగా, కార్‌లో కూర్చుని అనురాధ సబ్మిట్ చేసిన టెండర్ పేరు: 'వలస కుటుంబాల నిర్బంధ కేంద్రం, రెండువేల నాలుగు వందల పడకలు.'