దిబ్బడేసిన చెవి

పొద్దున తలస్నానం చేసినప్పటి నుంచి జైపాల్‌కు చెవి దిబ్బడేసింది.

అతనికి పుట్టుకతోనే చూపు లేదు. ఎడమ చెవి చిన్నప్పుడే పోయింది. లోకమంతా ఆ ఒక్క కుడిచెవిలోంచే కనిపించేది.

ఇయర్ బడ్ పెట్టి తిప్పాడు. కాస్తో కూస్తో వినపడేది కూడా దాదాపు పోయింది.

తెల్లారితే గ్రూప్స్ పరీక్ష. పక్కన ఒకరు కూర్చుని ప్రశ్న చదివితే, విని జవాబు చెప్పాలి. వయసు దాటిపోతోంది, ఇక మరో అవకాశం లేదు. అశోక్‌నగర్ ఇరుకు గదిలో ఏళ్ల తరబడి పడ్డ పాట్లన్నీ దీనికోసమే.

సాయానికి స్నేహితులెవరైనా దొరుకుతారని కర్ర పొడుచుకుంటూ చిక్కడపల్లి లైబ్రరీకి బయల్దేరాడు. దారిలో బస్సు ఒంటికి గాలి కొట్టేలా పక్కనుంచే దూసుకుపోయింది. హారన్ వినపడనే లేదు.

లైబ్రరీ మెట్ల మీద కూలబడ్డాడు. చొక్కాకున్న పిన్నీసు విప్పి చెవిలో పెట్టుకున్నాడు.

ఎవరో మణికట్టు గట్టిగా పట్టుకున్నారు.

"వద్దు బిడ్డా! చెవిల పిన్నీసు పెట్టొద్దు!"

ఆ కేక జైపాల్‌కు గోడ అవతలి గొంతులా అందింది.

"ఎవరన్నా నువ్వు? చెయ్యి ఇడువు!"

జవాబు లేదు. ఆ మనిషి పిన్నీసు లాగేసుకున్నాడు.

"రేపు పరీక్షున్నది నాకు. నా పరేషాన్ నీకేమన్న సమజైతుందా?"

అయినా పలకలేదు.

జైపాల్‌కు ఏడుపు ముంచుకొచ్చింది. నోటికొచ్చినట్టు తిట్టాడు. ఆ మనిషి అతన్ని లేపి ఆటో ఎక్కించాడు.

"నారాయణగూడ పోనియ్!"

"యాడికి తీస్కపోతున్నవ్ నన్ను? జర చెప్పన్నా!"

దారి పొడుగునా అడిగాడు. ఒక్క మాటకూ బదులు రాలేదు. భుజం మీది చెయ్యి మాత్రం తీయలేదు.

'మనిషికి ఎంత పొగరు!' అనుకున్నాడు జైపాల్.

ఆటో చెవి డాక్టరు దగ్గర ఆగింది. డాక్టర్ సుహాసిని చెవిలోకి లైటు వేసి చూసింది. చుక్కలు వేసి, కాసేపు ఆగి, చిన్న గొట్టంతో అడ్డుపడ్డదాన్ని మెల్లగా లాగింది.

ఒక్కసారిగా ఫ్యాను చప్పుడు. కుర్చీ కిర్రుమన్న చప్పుడు. జైపాల్ వెక్కివెక్కి ఏడ్చాడు.

"గులిమి మురికి కాదు బాబూ, చెవికి కాపలా. దానంతటదే బయటికొస్తుంది. మీరు బడ్‌తో లోపలికి కుక్కేశారు. ఆ పిన్నీసు ఇంకాస్త దిగుంటే కర్ణభేరి చిరిగేది. పైపైన గుడ్డతో తుడుచుకోండి, చాలు. దిబ్బడేస్తే నా దగ్గరికి రండి."

"నన్ను తీసుకొచ్చిన అన్న ఏడి మేడం?"

"ఇప్పుడే మెట్లు దిగారు."

జైపాల్ తడుముకుంటూ గుమ్మంలోకి పరుగెత్తాడు.

"అన్నా! జర ఆగన్నా! తప్పయింది, మాఫ్ చెయ్యి!"

హారన్లు, కండక్టరు ఈల, ఎవరివో నవ్వులు అన్నీ స్పష్టంగా వినపడుతున్నాయి. ఆ గొంతు మాత్రం పలకలేదు. జైపాల్ మళ్లీ అరిచాడు.

డాక్టరు వచ్చి అతని చెయ్యి పట్టుకుంది.

"పిలవకండి బాబూ. చిన్నవయసులో పుల్లలూ పిన్నీసులూ పెట్టి గెలికి, చీము పట్టినా పట్టించుకోక, మిమ్మల్ని తీసుకొచ్చిన బాలకిషన్ గారు రెండు చెవులూ పూర్తిగా పోగొట్టుకున్నారు."