కాబోయే అత్తగారి ఊరు

పెళ్లిచూపులకి చరిత్ర బట్టీ పట్టి వెళ్లిన పిల్ల బహుశా మృదుల ఒక్కతే. ఎంసెట్‌కి కూడా అంత చదవలేదు పాపం.

హైదరాబాద్ పిల్ల. పరాయి దేశంలో, అరోరా అనే ఊళ్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. చేసుకుంటే కౌశిక్‌నే చేసుకుంటానని పట్టు. కానీ అతని తల్లి జ్ఞానప్రసూనగారు ఊఁ అనాలి కదా! ఆవిడ సొంత ఊళ్లో తెలుగు టీచరుగా రిటైరై, కొడుకు దగ్గరకొచ్చారు. నోట ఒక్క ఇంగ్లీషు ముక్క దొర్లనివ్వరు. కోడలు తెలుగమ్మాయే కావాలని పంతం.

“అమ్మకి మా ఊరంటే ప్రాణం. హిస్టరీ ప్రిపేరై రా, మిగతాది నేను మేనేజ్ చేస్తా,” అన్నాడు కౌశిక్.

ఆవిడ కాఫీ చేతికిస్తూనే మొదలుపెట్టారు.

“మా రేవు కట్టించింది ఎవరమ్మా?”

“ఫ్రెంచ్ వాళ్లు ఆంటీ. అంతకుముందు డచ్ వాళ్లు వచ్చారు కానీ, వర్కవుట్ కాక వెళ్లిపోయారు.”

“కొండ మీద కోట?”

“బ్రిటిష్ వాళ్లు. ఊరు లాక్కున్నారు కదా, ఫ్రెంచ్ వాళ్లు తిరగబడతారేమోనని భయం.”

“మరి చెరకు తోటలు?”

“లాభం వాళ్లది, చెమట మనవాళ్లది.”

ఆవిడ ముఖం వెలిగిపోయింది. కౌశిక్ ఊపిరి పీల్చుకున్నాడు.

“శభాష్! ఏదీ, ఇందులో ఒక్క పాట చదువు,” అంటూ రామభజనల పుస్తకం ముందుకు జరిపారు.

మృదుల తెల్లముఖం వేసింది. ‘రా’ దగ్గరే ఆగిపోయింది.

“అంటే... యాక్చువల్లీ... స్కూల్లో నా సెకండ్ లాంగ్వేజ్ ఫ్రెంచ్ ఆంటీ.”

“ఫ్రెంచా!” ఆవిడ గుండె మీద చెయ్యి వేసుకున్నారు. “హైదరాబాదులో ఉండి ఫ్రెంచి ఎందుకమ్మా?”

“స్కోరింగ్ అని...”

కౌశిక్ తల పట్టుకున్నాడు. ఆవిడ పుస్తకం మూసేశారు. సంబంధం చేజారిపోయిందని మృదులకి ఏడుపొచ్చేసింది.

“సారీ ఆంటీ. మీరు తెలుగమ్మాయి కావాలన్నారు. నేను పేరుకే తెలుగు.” హ్యాండ్‌బ్యాగ్ తీసుకుని లేచింది.

జ్ఞానప్రసూనగారు గబుక్కున లేచి ఆమె చెయ్యి పట్టుకున్నారు. ఆవిడ కళ్లలోనూ నీళ్లే.

“కూర్చో పిచ్చిపిల్లా, మా ముత్తాత చెరకు కూలీగా ఓడెక్కి మారిషస్‌లో మా పోర్ట్ లూయిస్ రేవులో దిగాక, ఇన్ని తరాలకి తెలుగు నేల నుంచి మా ఇంటికొస్తున్న మొదటి మనిషివి నువ్వే!”