నలభై రెండో పలక

"తల కదపకండన్నా. ఒక్క తీగ ఊడినా మళ్ళీ మొదటికొస్తుంది" అంది టెక్నీషియన్, బస్సు డ్రైవరు నెత్తికి చివరి తీగ అంటిస్తూ.

"కదలను చెల్లెమ్మా. నిద్ర కూడా పోను."

"పోకపోతే ఎలా? మూర్ఛ మీ వంశంలోనే ఉంది. మెదడులో తేడా మెలకువలో దొరక్కపోయినా నిద్రలో బయటపడొచ్చు. అందుకేగా రాత్రంతా మేలుకుని రమ్మన్నది!"

ఆ సంగతి అతనికీ తెలుసు. నాన్నకి మూర్ఛ. అన్న కిందటి నెల ఇదే మంచం మీద పది నిమిషాలు కునుకు తీశాడు. తెర మీద గీతలు ఎగిరిపడ్డాయి. లారీ నడిపే పని పోయింది. ఇప్పుడు బడివాళ్ళు తన రిపోర్టు కూడా అడుగుతున్నారు. తేడా ఉంటే బస్సు తాళాలు ఇచ్చెయ్యాల్సిందే.

"మొన్న బస్సు గేటుకి రాసుకుందటగా? బయట వదిన చెప్పింది."

"దానికి నోరాగదు! నేను నడుపుతుండగా కాదు. ఆపి ఉన్నప్పుడు ఎవడో గీకిపోయాడు. పన్నెండేళ్ళలో నా బస్సులో ఒక్క పిల్లకి మోకాలు కూడా చెక్కుకుపోలేదు, తెలుసా?"

ఆమె లైటు తగ్గించి, అతని తల వెనక కుర్చీలో కూర్చుంది.

"పన్నెండింటికి నా డ్యూటీ దిగుతుంది. తర్వాతొచ్చే ఆయన నాలా బతిమాలడు, నిద్ర పట్టకపోయినా తీగలు పీకి పంపించేస్తాడు. కాస్త పడుకోండన్నా, పుణ్యముంటుంది."

"ఇప్పుడెంతయింది?"

"పదకొండూ పది."

యాభై నిమిషాలు. అంతే. పన్నెండు దాకా లాగితే చాలు.

అతను తొడ గిల్లుకున్నాడు. సీలింగు పలకలు లెక్కపెట్టసాగాడు. పది. ఇరవై. కళ్ళలో ఇసుక పోసినట్టుంది. మళ్ళీ గిల్లుకున్నాడు, ఈసారి గోరు దిగేలా. ముప్ఫై. వెనక మౌసు చప్పుడు. నలభై. నలభై ఒకటి. మూలన తడిమరక ఉన్నది నలభై రెండు.

టక్కున లైటు వెలిగింది. వెనక కుర్చీ కిర్రుమంది.

అయిపోయింది! గుండెల మీంచి బండ దించినట్టయింది.

"ఓడిపోయావు చెల్లెమ్మా! ఒక్క పలక వదల్లేదు. కన్ను మూస్తే ఒట్టు!" అని నవ్వుతూ తల తిప్పాడు.

కుర్చీలో గడ్డమున్న మనిషి కూర్చుని ఉన్నాడు.