ఖాళీ గదికి తాళం

"లేవండమ్మా, లేవండి! ఇవాళ తాళం వేసి కానీ ఇక్కణ్ణుంచి కదిలేది లేదు," అని గుమ్మంలో నిలబడి గట్టిగా అరిచాడు గుమాస్తా. చేతిలో అరచెయ్యంత తాళం, చంకలో ఫైలు.

లోపల పదమూడు మంది ఆడవాళ్లు. ఒక్కరంటే ఒక్కరు తలెత్తలేదు. నాలుగు కుట్టుమిషన్లు టకటకలాడుతూనే ఉన్నాయి.

అది మహిళా సంఘం గది. పనులకెళ్లే తల్లులు పొద్దున పిల్లల్ని వదిలేది ఇక్కడే. మధ్యాహ్నం కుట్టుపని, సాయంత్రం చదువు. సర్కారు ఆఫీసు కాగితాల్లో మాత్రం ఇది 'వాడకంలో లేని ఖాళీ గది'. ఖాళీ గదులన్నిటికీ తాళాలేసి, వాటిల్లో విరిగిన కుర్చీలు పడెయ్యమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. లోపల మనుషులుంటే మాత్రం వెయ్యకూడదని అదే ఉత్తర్వులో ఇంకో ముక్క ఉంది. ఆ ముక్క పట్టుకుని సంఘం వంతులు వేసుకుంది. ఎనిమిది రోజులుగా గుమాస్తా ఏ వేళకొచ్చినా సరే, లోపల ఎవరో ఒకరు కూర్చునే ఉన్నారు. వాన కురిసినా, కరెంటు పోయినా అంతే. పాపం, తిరిగి తిరిగి ఆయన చెప్పులరిగాయి. ఇవాళ తాళంచెవి తన బల్ల మీద పెట్టకపోతే మొహం చూపించొద్దని ఆఫీసరు తెగేసి చెప్పాడు.

"మీరే కదలండి, వెలుతురుకి అడ్డం," అంది కత్తెరక్క సూదిలోకి దారం ఎక్కిస్తూ. సంఘం పెద్ద ఆవిడే. వీధిలో సగం మంది రవికెలు ఆవిడ కత్తిరించినవే. మాట కూడా అంతే, వంకర పోదు.

"మీకేం తల్లీ, మీరు బాగానే కూర్చుంటారు. అక్కడ నా పీకల మీదికొస్తోంది!"

"మా పీకల మీదికి రాలేదా?" ఇస్త్రీ బండి పెట్టుకునే అమ్మాయి కిటికీ దగ్గర్నుంచి విసురుగా అంది. "ఈ గది పోతే పిల్లల్ని ఎక్కడ వదలాలి? పని మానేసి ఇంట్లో కూర్చోమంటారా? మీరొచ్చి చూసుకుంటారా?"

గుమాస్తాకి లోపల ఎక్కడో చివుక్కుమంది. ఆయనా పిల్లలున్నవాడే. కానీ ఆఫీసరు మొహం కళ్లముందు మెదలగానే జాలి కాస్తా ఆవిరైపోయింది. మెట్లెక్కుతూ అల్లుకున్న ఎత్తు బయటికి తీశాడు.

"సరేనమ్మా, మీరే గెలిచారు. ఈ గది వాడకంలో ఉందని నేనే రాస్తా, చాలా? అందరూ వరండాలోకొచ్చి సంతకాలు పెట్టండి. గదిలో పెట్టిన సంతకం చెల్లదు."

అలాంటి రూలు ఈ భూమ్మీద ఎక్కడా లేదు. కత్తెరక్క కళ్లజోడు తీసి ఆయన్ని ఎగాదిగా చూసింది. తర్వాత ఇస్త్రీ అమ్మాయి వైపు చూసింది. ఆ పిల్ల కాసేపు పెదవి కొరుక్కుని, ఆఖరికి తలూపింది.

"రండే, అందరం బయటికెళ్దాం," అంది కత్తెరక్క.

గుమాస్తా తన చెవుల్ని తనే నమ్మలేకపోయాడు. ఒకటి, రెండు, మూడు... గుమ్మం దాటే తలలు లెక్కపెట్టాడు. పదమూడు! ఆఖరి చెంగు గడప దాటిందో లేదో, ఒక్క ఉరుకున వెళ్లి తలుపులు దగ్గరికి లాగి పట్టుకున్నాడు.

"ఇదేం పని నాయనా! ఇంత మోసమా!" అని ముసలమ్మ ఒకామె గుండెలు బాదుకుంది.

కత్తెరక్క మాత్రం నింపాదిగా అంది. "గుమాస్తా గారూ, తాళం వేసే ముందు లోపలికెళ్లి ఒకసారి చూసుకోండి. రేపు మాట రాకూడదు."

"ఆహా! నేను లోపలికెళ్లడం, నా వెనకే మీరు దూరడం, మళ్లీ ఎనిమిది రోజులు నేను తిరగడం! మీ పప్పులు నా దగ్గర ఉడకవమ్మా."

"నిజంగానే చెబుతున్నా. చూసుకోండి."

"నాకు కళ్లున్నాయి. పదమూడు మందీ ఇక్కడే ఉన్నారు." తాళం క్లిక్కుమంది. ఎనిమిది రోజుల తర్వాత గుమాస్తా మొహంలో మొదటిసారి నవ్వు కనిపించింది. తాళంచెవి జేబులో వేసుకుని, వరండా పిట్టగోడ మీద ఫైలు పరిచి చకచకా రాసేశాడు. "సాక్షిగా మీ సంతకం పెట్టండి," అన్నాడు కాగితం ముందుకు తోసి.

"ముందు మీది కానివ్వండి. ముద్ర కూడా వెయ్యండి. పెద్దవారు, మీ తర్వాతే మేము."

ఆ మర్యాదకి పొంగిపోయి సంతకం చేశాడు, తేదీ వేశాడు, టైము వేశాడు, ముద్ర గుద్దాడు. కత్తెరక్క కాగితం అందుకుని అందరికీ వినబడేలా చదివింది. "'గది మూలమూలా స్వయంగా పరిశీలించాను. లోపల ఒక్క ప్రాణి కూడా లేదు.' బాగా రాశారండీ." కాగితం మడిచి చేతిసంచిలో పెట్టేసుకుంది.

"అదేంటి! ఇటివ్వండి, అది ఆఫీసు కాగితం!"

ఆయన చెయ్యి చాపేలోపు లోపల్నుంచి కేరుమని ఏడుపు వినబడింది. ఆ వెంటనే మళ్లీ, ఈసారి ఇంకా గట్టిగా. ఇస్త్రీ అమ్మాయి కిటికీ ఊచలు పట్టుకుని, "వచ్చేస్తున్నా బంగారూ, ఒక్క నిమిషం," అంటోంది.

గుమాస్తా గభాల్న కిటికీ వైపు తిరిగాడు. "ఎ... ఎవరది?"

"ఈ పిల్ల కూతురు, మూడు నెలల పాప. మిషన్ల వెనక ఉయ్యాల్లో నిద్ర లేచింది," అంది కత్తెరక్క. "ఇప్పుడు చెప్పండి గుమాస్తా గారూ. తాళం తీసి ఇది వాడకంలో ఉన్న గదేనని రాసిస్తారా, లేకపోతే ఖాళీ గది పాల కోసం ఏడుస్తోందని దీని కిందే ఇంకో ముక్క రాస్తారా?"